రెట్టింపు స్వరం

చెల్లెలికి శాలువా కప్పుతున్నప్పుడు కనకం కూడా అందరితోపాటు లేచి నిలబడింది. చప్పట్లకి మాత్రం చేతులు కలవలేదు. హ్యాండ్‌బ్యాగును రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని అలాగే నిలుచుంది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న లోహ పరిశోధన కేంద్రంలో ఆమె ఇరవై ఆరేళ్ళుగా పని చేస్తోంది. పూర్తి పేరు మళ్ళ కనకమహాలక్ష్మి. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. వేదిక మీదున్న నళిని ఆమెకి పదమూడేళ్ళు చిన్న. అదే కేంద్రంలో చేరి ఆరేళ్ళయింది.

నళిని మైకు ముందుకొచ్చింది.

"మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. మా అక్కే నాకు అమ్మయింది. జడలు వేసి, క్యారియరు కట్టి, అనకాపల్లిలో బస్సెక్కించి చదివించింది. తను పెట్టిన అన్నమే ఇవాళ ఈ లోహమయింది."

ముందు వరసల్లో వాళ్ళు వెనక్కి తిరిగి కనకం వైపు చూశారు. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. కనకం నవ్వింది. దవడలు నొప్పెట్టేదాకా నవ్వింది.

అన్నమా? పద్నాలుగేళ్ళు కూర్చుని నేను కట్టిన సమీకరణాల మీద కదే నువ్వు నిలబడ్డావు! జడలు గుర్తున్నాయి, అన్నం గుర్తుంది. అదొక్కటే గుర్తు రాలేదా?

తర్వాత ప్రదర్శన మొదలైంది. రెండు ఉక్కు కడ్డీలు దారాలకి వేలాడుతున్నాయి. నళిని చిన్న సుత్తితో మొదటి దాన్ని కొట్టింది. అది ఖంగుమంది. ఆ మోత హాలంతా పాకి, చాలాసేపటికి గానీ ఆగలేదు. రెండో కడ్డీకి అగ్గిపెట్టంత యంత్రం అతికించి ఉంది. దాని మీట నొక్కి, కడ్డీని అంతే బలంగా కొట్టింది. టప్‌మని ఒక్క చప్పుడు. అంతే.

"మోత ఎక్కడికి పోయిందండీ?" అని ఒక విలేఖరి అడిగాడు.

"లోహమే మింగేసింది," అంది నళిని. "నేల మీద జంపఖానా పరిచామనుకోండి. మధ్యలో ఒక ముడత పడింది. కాలితో తోస్తే ముడత మాత్రం జరుగుతుంది, జంపఖానా ఉన్నచోటే ఉంటుంది. లోహం లోపల అణువుల వరసల్లో కూడా అలాంటి ముడతలు కోట్లకొద్దీ ఉంటాయి. మామూలు లోహంలో వాటికి మేకులు కొట్టేసినట్టు ఉంటుంది, కదలవు. ఈ యంత్రం చెవికి వినపడని సన్నటి కంపనంతో ఆ మేకులు ఊడగొట్టి, ముడతల్ని ఎప్పుడూ కదిలేలా ఉంచుతుంది. అదురు వచ్చిందనుకోండి, దాని బలమంతా ఆ ముడతల్ని ఊపడానికే ఖర్చయిపోతుంది."

సభ గలగలలాడింది. కనకం కూర్చుండిపోయింది. ఆ జంపఖానా కూడా తనదే. నళిని ఇంటర్ చదివే రోజుల్లో, అనకాపల్లి ఇంట్లో, నిజంగానే నేల మీద జంపఖానా పరిచి, కాలితో తోసి చూపించింది తనే.

*

దానికి పేపర్లవాళ్ళు మౌనలోహం అని పేరు పెట్టారు. మొట్టమొదట దాన్ని గొల్లగెడ్డ వంతెనకి వాడారు.

గొల్లగెడ్డ కొండల అడుగున ఉన్న చిన్న ఊరు. ఊరి మీదుగా ఖనిజం మోసే గూడ్సు బళ్ళు అరగంటకొకటి కొండెక్కుతాయి, దిగుతాయి. వంతెన పక్కనే కాన్పుల ఆస్పత్రి. బండి వచ్చినప్పుడల్లా కిటికీలు దడదడలాడేవి, పసిపిల్లలు ఉలిక్కిపడి గుక్కపట్టేవాళ్ళు. వంతెన దూలాలు స్తంభాల మీద ఆనే చోట ఉక్కు దిమ్మలుంటాయి. ఆ ఎనిమిది దిమ్మలూ తీసేసి మౌనలోహపు దిమ్మలు పెట్టారు.

ప్రారంభం రోజున కనకం కూడా వెళ్ళింది. యాభై ఎనిమిది పెట్టెల గూడ్సు తల మీదుగా వెళ్తుంటే, ఆస్పత్రి వరండాలో ఒక బాలింత ఒళ్ళో పిల్ల నిద్రపోతూనే ఉంది. ముసలి నర్సు నళిని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

కనకం ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది.

ఆ దిమ్మల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి నళిని ఒక ఏర్పాటు చేసింది. ప్రతి దిమ్మలోకీ ఒక స్వరం పంపుతారు. అది అవతలికి ఎంత వేగంగా చేరింది, ఎంత బలంగా చేరింది అన్నది రోజూ కేంద్రానికి అందుతుంది. ముడతలు కదులుతూ ఉంటే స్వరం నెమ్మదిస్తుంది. అది మంచి గుర్తు.

దానికి కనకం మొదట్లోనే ఒక మాట చెప్పింది. "వేగమొక్కటే చూస్తే చాలదే. ముడతలు పరిగెత్తి పరిగెత్తి లోహపు రేణువుల అంచుల దగ్గర ఇరుక్కోవచ్చు. గేటు దగ్గర జనం తొక్కిసలాడినట్టు. అప్పుడు మనం పంపిన స్వరంతోపాటు సరిగ్గా దానికి రెట్టింపు స్వరం కూడా బయటికొస్తుంది. స పంపితే పై స కూడా పలుకుతుందన్నమాట. నా రెండో పేపరు నిండా ఉన్నది అదే. అది వినపడిందంటే బీట పడబోతోందని అర్థం."

"అది మరీ సన్నగా ఉంటుందక్కా. రైలు రొదలో తేలదు. అందుకే పై స్వరాలన్నీ వడగట్టేశాను," అంది నళిని కంప్యూటరు మీంచి తల తిప్పకుండా. "నీ సిద్ధాంతం కాగితం మీద గొప్పదే. ఇక్కడ అవసరం పడదు."

"నీ ఇష్టం," అంది కనకం.

ఆ మాట తర్వాత ఆమె ఎనిమిది నెలలపాటు చెల్లెలి ప్రయోగశాల గడప తొక్కలేదు.

*

జూలై పదకొండున దిమ్మల రికార్డులు కనకం తెరిచింది. కేంద్రంలో ఎవరైనా వాటిని చూడొచ్చు. ఒక్కరోజే నిలవుండి చెరిగిపోయే, వడగట్టని అసలు రికార్డులు దింపుకుని, తన పాత లెక్కతో జల్లెడ పట్టింది. వంతెన క్షేమం కోసమని ఆమె తనకి తాను చెప్పుకుంది గానీ, అది నిజం కాదు. ఆమె వెతికింది చెల్లెలి పనిలో తప్పు కోసం.

దొరికింది.

మూడో నంబరు దిమ్మలో స్వరం వేగం మూడు వారాలుగా మెల్లగా పెరుగుతోంది, పాత ఉక్కులో ఉన్నంతగా. దానికి రెండే కారణాలు. ముడతలకి మళ్ళీ మేకులు పడి లోహం కుదురుకుని ఉండాలి, లేదా ముడతలు ఇరుక్కుని ఉండాలి. వేగం చూసి ఏదో చెప్పలేం. కనకం జల్లెడలో మాత్రం పై స్వరం సన్నగా, నిటారుగా, గుండుసూదిలా నిలబడి ఉంది.

ఇరవై ఏళ్ళ కిందట కాగితం మీద రాసుకున్నది కళ్ళెదుట కనపడేసరికి ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. మొదట కలిగింది భయం కాదు, సంతోషం. కుర్చీలోంచి లేచి, తలుపు వేసొచ్చి, మళ్ళీ కూర్చుని చూసుకుంది.

మర్నాడు ఆదివారం. ఇద్దరివీ కేంద్రం క్వార్టర్లే, ఒకటి పైన, ఒకటి కింద. ఆదివారం భోజనం అక్కదే. కనకం నెత్తళ్ళ చేపలు వేయించి, చింతకాయ పులుసు పెట్టింది. నళిని భర్త ఓడల్లో ఇంజనీరు, ఆర్నెల్లకోసారి వస్తాడు. అందుకని ఒక్కతే వచ్చి, పళ్ళెం పక్కన ట్యాబ్లెట్ ఆనించి తింటోంది.

"అక్కా, ఇది చూడు. మూడో దిమ్మలో వేగం పెరిగింది." ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి ఎడం చేత్తో గీత చూపించింది. "నాకు కాస్త బెంగగా ఉంది. లోహం కుదురుకుందంటావా? నీకే తెలియాలి ఇలాంటివి."

నీకే తెలియాలి. ఆ మాట మైకులో ఎందుకనలేదే?

కనకం పులుసు గిన్నెలో గరిటె తిప్పింది. చెప్పేయాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇరవయ్యో తారీఖున హైదరాబాదులో పెద్ద సదస్సు ఉంది. దేశంలోని లోహశాస్త్రవేత్తలంతా వస్తారు. నళినిదే ముఖ్యోపన్యాసం. అది అయిపోయాక ప్రశ్నలడగమంటారు. అప్పుడు ఆరో వరసలోంచో ఏడో వరసలోంచో తను లేచి, "ఒక్క చిన్న సందేహం," అని, ఆ గుండుసూదిని తెర మీద నిలబెడితే?

"కుదురుకునే ఉంటుందిలే," అంది. "ఇంకో రెండు నెత్తళ్ళు వేసుకో."

"హమ్మయ్య. నువ్వంటే చాలు నాకు," అంది నళిని, పళ్ళెం ముందుకు జరుపుతూ.

*

ఆ తర్వాత కనకం రోజూ పొద్దున్నే రికార్డు తీసి చూసింది. గుండుసూది మేకయింది. మేకు ములుకయింది. మిగతా ఏడు దిమ్మలూ నిశ్శబ్దంగానే ఉన్నాయి, మూడోది మాత్రం పాడుతోంది. ఆమె సదస్సు కోసం చిత్రాలు గీసుకుంది, రంగులు మార్చింది, కింద తన పాత పేపరు పేరు పెద్దక్షరాల్లో వేసింది. నళిని ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంది. ఆ ఊహ అన్నంలోకి ఊరగాయలా ఉండేది. రోజూ కొంచెం నంజుకునేది.

బీట పడటానికి ఇంకా నెలలు పడుతుందని లెక్క కట్టుకుంది. లెక్కలో సందేహం ఉన్నచోటల్లా తనకి అనుకూలమైన అంకె వేసుకుంది. ఇరవయ్యేళ్ళలో ఏ కాగితం మీదా ఆమె అలా చెయ్యలేదు.

పంతొమ్మిదిన, సదస్సుకి ముందురోజు, తన చిత్రాల్లోకి తాజా కొలత ఒకటి తెద్దామని ఆమె జీపులో గొల్లగెడ్డ వెళ్ళింది.

వంతెన కింద గొర్లె సింహాద్రి కనపడ్డాడు. ఆ ముక్క పట్టాలకీ వంతెనకీ కాపలా అతనే. రోజూ నడిచి బోల్టులు బిగిస్తాడు, సుత్తితో తట్టి చూస్తాడు. నలభై దాటిన మనిషి, ముంజేతుల నిండా గ్రీజు.

"దండాలమ్మా. సెల్లెమ్మగోరు రానేదా?"

"లేదు. ఎలా ఉంది వంతెన?"

"ఏటని సెప్పనమ్మా. మునుపు సుత్తెట్టి కొడితే గంటలాగ మోగీది. బోల్టు వదులైతే మోత మారిపోయీది, ఎంటనే తెలిసిపోయీది. ఇప్పుడు కొడితే మొద్దుకర్ర మీద కొట్టినట్టుంటంది. దానికి ఒంట్లో బాగుందో బాగోనేదో నాకేటి తెలుస్తది?" అని, స్తంభం మీదికి నిచ్చెనెక్కి, దూలానికీ స్తంభానికీ మధ్య నడుం లోతు సందులోకి దూరాడు. అతని కాళ్ళు మాత్రం బయటికి కనపడుతున్నాయి. "మూత ఎత్తి, గ్రీజెట్టి, తుడిసి ఒస్తానమ్మా. పొద్దుగాల ఓసారి, సందలేల ఓసారి. ఇదొక పని."

అది మూడో నంబరు దిమ్మ.

కనకం తల ఎత్తి ఆ కాళ్ళకేసి చూసింది. అరిగిపోయిన రబ్బరు చెప్పులు. ఎడమ దానికి కొత్త పట్టా వేసి ఉంది. ఇన్ని రోజులూ మూడో దిమ్మ ఆమెకి తెర మీద ఒక గీత. అది మోసే దూలం కిందికి ఒక మనిషి వెళ్తాడన్న సంగతి తట్టనే లేదు. కొలత తియ్యడానికి తెచ్చిన పెట్టె తెరవకుండానే జీపెక్కింది.

*

నళిని సదస్సుకి బట్టలు సర్దుకుంటోంది.

"బళ్ళు ఆపించాలి," అంది కనకం గుమ్మంలోంచే. "మూడో దిమ్మలో రెట్టింపు స్వరం వస్తోంది. బీట పడుతుంది."

నళిని చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "ఎప్పటినుంచి?"

నిజం చెప్పడానికి అదే సమయం. కనకం నోరు తెరిచింది. కిందటి ఆదివారం నాడు తనన్న మాట, తను గీసుకున్న చిత్రాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి.

"ఇవాళే చూశాను," అంది.

"ఒక్కరోజు కొలతా?" నళిని ముఖంలో ఏదో గట్టిపడింది. "మొన్ననే కదా కుదురుకుందన్నావు. రేపు నా ఉపన్యాసం పెట్టుకుని, ఇవాళ వచ్చి వంతెన ఆపమంటున్నావు. అక్కా, నేను గుడ్డిదాన్ననుకుంటున్నావా? ఆ శాలువా రోజునుంచీ చూస్తున్నాను. నా మౌనలోహం అంటే నీ ముఖమే మాడిపోతుంది. ఏనాడైనా బాగుందే అన్నావా? ఒక్కసారి?"

"అది వేరు, ఇది వేరు నళినీ."

"ఎలా వేరు? ఒక్క కొలతలో వంద పొరపాట్లు ఉండొచ్చని నాకు నేర్పింది నువ్వే. మూడు రోజులు వరసగా వస్తే అప్పుడు ఆపుదాం."

కనకం దగ్గర తొమ్మిది రోజుల కొలతలున్నాయి. అవి చూపిస్తే నళిని మారుమాట లేకుండా నమ్ముతుంది. కానీ అవి చూపించడమంటే ఆ తొమ్మిది రోజులూ చూపించడమే. ఆమె మెట్లెక్కి తన ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దున్న నళిని విమానానికి బయల్దేరిన కారు చప్పుడు వినపడింది. కనకం రికార్డు తెరిచింది. ములుకు తెర పైఅంచు దాటిపోయింది. ఆమె కాగితాలన్నీ తీసుకుని డైరెక్టరు దగ్గరికి నడిచింది.

డైరెక్టరు ఎర్రంనాయుడు తొందరపడే మనిషి కాదు. అంతా విని, కళ్ళజోడు తీసి, "మేడం, ఏమీ అనుకోకండి. మీకూ నళిని గారికీ మధ్య..." అని ఆపేశాడు.

"ఉంది సార్. నాకామె మీద అసూయ ఉంది," అంది కనకం. "అందుకే ఇది పదకొండో తారీఖునుంచీ తెలిసినా దాచాను. ఇవాళ సదస్సులో దాని పరువు తీద్దామని దాచాను. ఇవిగో, తొమ్మిది రోజుల కొలతలూ ఉన్నాయి. వరస చూడండి. నన్ను నమ్మొద్దు. నాకు సంబంధం లేనివాళ్ళెవరినైనా పిలిచి లెక్క కట్టించండి. కానీ ముందు బళ్ళు ఆపించండి."

ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. నాలుగో కాగితం దగ్గర ఫోను అందుకున్నాడు.

పది గంటల నలభై నిమిషాలకి బళ్ళు ఆపమని ఆజ్ఞ వెళ్ళింది. అప్పటికే ఒక గూడ్సు కొండ దిగి గొల్లగెడ్డ వంతెన మీదికి వచ్చేసింది. దాని నడిమి పెట్టెల బరువు కింద మూడో దిమ్మ నిలువునా పగిలింది. పెద్దగా చప్పుడు కూడా రాలేదట. దూలం రెండు వేళ్ళ మందం కిందికి దిగి, పగిలిన దిమ్మ ముక్కల మీద ఆనుకుని ఆగింది. బండి పట్టాలు తప్పలేదు. ఆస్పత్రిలో పిల్లలు కూడా లేవలేదు.

సింహాద్రి మాత్రం ఆ సందులో ఉన్నాడు. గ్రీజు పెట్టి, దూలం కింది ఇరుకులో ఎడమ కాలు ఆన్చి వెనక్కి వస్తున్నాడు. ఆ కాలు మోకాలి దాకా దూలం కింద నలిగిపోయింది.

*

నళిని ఆ సాయంత్రం విమానానికే తిరిగొచ్చింది. మొదటి మూడు రోజులూ అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు నళిని విచారణకి ఇవ్వాల్సిన తన నివేదిక పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చదువు," అంది.

కనకం చదివింది. పై స్వరాలు వడగట్టడం తన పొరపాటేనని నళిని మొదటి పేజీలోనే రాసింది. రెట్టింపు స్వరం సిద్ధాంతం డాక్టర్ మళ్ళ కనకమహాలక్ష్మిదని, దాన్ని పక్కన పెట్టడం వల్లే ప్రమాదం ముందుగా తెలియలేదని రాసింది. ఇరవై ఏళ్ళుగా కనకం ఎదురుచూసిన వాక్యం అది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఈ స్థితిలో కూడా లోపల ఎక్కడో ఒక చిన్న తీపి కదిలింది. తన మీద తనకే రోత పుట్టింది.

మూడో పేజీలో ఇలా ఉంది: లోపాన్ని మొదట గుర్తించిన తేదీ, జూలై పంతొమ్మిది.

"ఇది తప్పు," అంది కనకం.

"తెలుసు. డైరెక్టరు గారితో మాట్లాడాను. ఆయన ఒప్పుకున్నారు. పదకొండు అని రాస్తే నీ ఉద్యోగం పోతుంది, కేసవుతుంది." నళిని ఆ తేదీ మీద వేలు పెట్టింది. "ఆదివారం నాడు నేనడిగితే కుదురుకుందన్నావే! నా ముఖం చూస్తూ అన్నావు. నేను నిన్ను క్షమించలేనక్కా. కానీ నిన్ను జైలుకి పంపడం కూడా నా వల్ల కాదు."

కనకం టేబులు మీది పెన్ను తీసుకుంది. పంతొమ్మిది కొట్టేసి పదకొండు అని రాసి, పక్కన సంతకం చేసింది. కాగితం చెల్లెలి చేతిలో పెట్టింది.

"అందరూ చప్పట్లు కొడుతుంటే నేనక్కడ నిలబడి నిన్ను లోపల తిట్టుకున్నానే," అంది. "నువ్వు నా లెక్క పేరెత్తలేదని. ఆ మాట అప్పుడే, ఇంటికొచ్చి నీతో గట్టిగా పోట్లాడి ఉంటే సరిపోయేది."

నళిని కాగితం మడిచి పట్టుకుని మెట్లు దిగింది.

*

మర్నాడు పగలు కనకం విశాఖ పెద్దాస్పత్రికి వెళ్ళింది. సింహాద్రి మంచం మీద తలగడలకి ఆనుకుని కూర్చున్నాడు. దుప్పటి ఎడమవైపు మోకాలి దగ్గరే అయిపోయింది.

"రండమ్మా, రండి!" అని అతని భార్య పైడితల్లి స్టూలు జరిపింది. "ఈవిడేనంట, బళ్ళన్నీ ఆపించీసిన మేడంగోరు. ఎనకమాలొచ్చీ పాసింజరు బండి ఆపకపోతే ఎంతమంది పోదురో అని అందరూ అనుకుంతన్నారు." ఫ్లాస్కులోంచి గ్లాసులో టీ పోసి కనకం చేతికిచ్చింది.

కనకం గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"సింహాద్రీ, నీకొక మాట చెప్పాలి. ఆ దిమ్మ పగులుతుందని నాకు తొమ్మిది రోజుల ముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు."

అతను అర్థం కానట్టు చూశాడు. తర్వాత వేళ్ళు ముడుస్తూ లెక్క పెట్టుకున్నాడు. పొద్దుగాల ఓసారి, సందలేల ఓసారి.

"పద్దెనిమిదిసార్లు దూరినానమ్మా ఆ దూలం కిందికి," అన్నాడు మెల్లగా.

"అవును."

"ఎందుకు సెప్పనేదమ్మా?"

కనకానికి పెద్ద మాటలు చాలా వచ్చు. చిన్న మాటలే వాడింది.

"మా చెల్లెలి మీద కుళ్ళు. అందరూ దాన్ని మెచ్చుకుంటున్నారని. దానికి తలవంపులు తేవాలని."

సింహాద్రి దుప్పటి ఆగిపోయిన చోటుకేసి చూశాడు.

"మరి మీ సెల్లికేటైనాది?"

"ఏమీ కాలేదు," అంది కనకం.

పైడితల్లి దగ్గరికొచ్చి ఆమె చేతిలోంచి టీ గ్లాసు తీసేసుకుంది.